స్పీకర్ల నిద్ర చెడగొట్టిన వైనం

మా స్పీకర్లకి పావుగంట నిశ్శబ్దం దొరికితే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. ముందు ఎడమది, ఓ నిమిషం తేడాతో కుడిది. దేని ఆంప్లిఫయర్ దానికే ఉండే పవర్డ్ స్పీకర్లు కాబట్టి నిద్రలు కూడా వేరువేరు. లేవడమూ అంతే. పాట పెడితే కుడిది ‘టప్’మని లేస్తుంది, ఎడమది ఇంకా పక్క మీద దొర్లుతూ ఉంటుంది. ఈలోగా పల్లవి సగం అయిపోతుంది.

అసలు బాధ రాత్రిపూటది. ఇంట్లో అందరూ పడుకున్నాక సౌండ్ బాగా తగ్గించి వేణువు వింటుంటాను. ఆలాపన సన్నగా సాగుతూ ఉంటుంది, నాకు హాయిగా కళ్ళు మూతలు పడుతుంటాయి. సరిగ్గా అప్పుడే స్పీకర్‌కీ పడతాయి. లోపలున్న సెన్సార్‌కి కనీసం కొన్ని మిల్లీవోల్టులు అందాలి. అంతకంటే తగ్గితే దాని లెక్కలో అది సంగీతమే కాదు.

దీని వెనక చట్టం కూడా ఉంది. ఐరోపా సమాఖ్య 2008లో తెచ్చిన నిబంధన ప్రకారం 2013 నుంచి ఇలాంటి పరికరాలు మామూలు స్టాండ్‌బైలో, అంటే ఈ నిద్రలో, అర వాటుకి మించి కరెంటు తాగకూడదు, పని లేనప్పుడు వాటంతట అవే పడుకోవాలి. ఉద్దేశం మంచిదే. నా వేణువుని ‘పని లేకపోవడం’ కింద ఎవరు జమకట్టారన్నదే నా గొడవ.

మొదట మోసంతో పోదామనుకున్నాను. మనిషికి వినపడని కూత ఒకటి కంప్యూటర్లో ఆగకుండా మోగుతుంటే సెన్సార్ పడుకోదు కదా! 17 కిలోహెర్ట్జ్ పెట్టాను. నాకు ఉలుకూ పలుకూ లేదు. నిమిషంలో మా అమ్మాయి చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చింది.

“నాన్నా, ఆ కూత ఆపు! చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది.”

“ఏ కూత?”

“అయ్యో, నీకు వినపడట్లేదా?”

వయసు మీద పడేకొద్దీ పైస్థాయి శబ్దాలే ముందు పోతాయని చదివాను గానీ, ఇంట్లోనే పరీక్ష పెట్టించుకుని ఫెయిలవుతానని అనుకోలేదు. సరే, కిందకి దిగుదామని 20 హెర్ట్జ్ పెట్టాను. ఎవరికీ ఏమీ వినపడలేదు. కానీ వూఫర్ మాత్రం ఆయాసపడే కప్పలా ఎగసిపడటం మొదలుపెట్టింది, బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి.

ఇక ఆపరేషనే. ప్లగ్గు పీకి, వెనక పలక స్క్రూలు విప్పాను. ప్లగ్గు పీకినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు సుమా. 230 వోల్టుల ఏసీ లోపల డీసీ అయ్యేసరికి 325 దాకా అవుతుంది. లావుపాటి కెపాసిటర్ ఒకటి దాన్ని కడుపులో దాచుకుని కూర్చుంటుంది. మీటర్‌లో సున్నా కనపడేదాకా ఎక్కడా చెయ్యి పెట్టలేదు. మొత్తం వ్యవహారంలో నేను తెలివిగా చేసిన పని ఇదొక్కటే.

సర్క్యూట్ చూస్తే తేలిగ్గానే ఉంది. పాట వస్తున్నంతసేపూ ఒక చిన్న కెపాసిటర్ నిండుతూ ఉంటుంది. పాట ఆగితే చిల్లుకుండలా మెల్లగా కారిపోతుంది. అది అడుగంటగానే, వోల్టేజీలు పోల్చి చూసే కంపారేటర్ నుంచి ఒక ట్రాన్సిస్టర్‌కి కబురు, ఆంప్లిఫయర్ చిప్‌కి నిద్ర. ఓహో, జోల పాడేది నువ్వా అని ఆ ట్రాన్సిస్టర్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో ఊడబెరికాను. మూత బిగించి పాట పెట్టాను. కుడిది ‘టప్’మని లేచింది. ఎడమది లేవలేదు. సౌండ్ పెంచాను. ఊహూఁ.

అప్పుడు తీశాను ఆ చిప్ వివరాలుండే డేటాషీట్. స్టాండ్‌బై పిన్‌కి వోల్టేజ్ అందితేనే ఆ చిప్‌కి మెలకువట. అందించేది నేను పీకేసిన ట్రాన్సిస్టరేనట. అంటే అది జోల పాడేది కాదు, తట్టి లేపేది! దాని కాళ్ళలో ఎమిటర్, కలెక్టర్ అనేవి ఉన్న చోట రెండిటికీ కలిపి ఒక తీగముక్క అతికించాను. ఎడమది దిగ్గున లేచింది. కుడిదానికీ అదే వైద్యం చేసి, ఆ సంబరంలో మా మిత్రుడికి ఫోన్ చేశాను.

“స్పీకర్ మీద నాబ్ తగ్గించి కంప్యూటర్లో సౌండ్ పెంచితే పోయేదిగా! నీ దాంట్లో సెన్సార్ నాబ్‌కి ముందే ఉంది. దానికి నిండా సిగ్నల్ అందేది, నీకు సన్నగా వినపడేది.”

“ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వు ముందు ఫోన్ చేస్తేగా!”

ఆ రాత్రి రెండింటికి ‘ఠంగ్’మని ఇల్లు అదిరింది. కంప్యూటర్‌కి ఏదో అప్‌డేట్ వచ్చిందట. ఇలాంటివి రోజూ వచ్చేవే. స్పీకర్లు ఒళ్ళు విరుచుకుని లేచేలోపు శబ్దం కాస్తా అయిపోయేది కాబట్టి ఇన్నాళ్ళూ మా దాకా రాలేదు.

ఇంకో ‘ఠంగ్’.

“వాటికి నిద్ర లేకుండా చేశారుగా,” దుప్పట్లోంచి మా ఆవిడ అంది. “లేచి వెళ్ళి కట్టేసి రండి.”

స్విచ్చులు స్పీకర్ల వెనక, గోడవైపు ఉన్నాయి. బల్ల కిందకి దూరాను. ముందు ఎడమది, ఓ నిమిషం తేడాతో కుడిది.