మహారాజశ్రీ చుక్క గారి సముఖమునకు

బాలానగర్,
హైదరాబాద్.

మహారాజశ్రీ దశాంశ బిందువు గారి సముఖమునకు, బాలానగర్‌లో ఒకానొక షెడ్డులో సీఎన్‌సీ యంత్రాలకు, అంటే కంప్యూటర్ చెప్పినట్లు లోహాన్ని కోసే యంత్రాలకు, ప్రోగ్రాములు రాసుకొని బతికే విధేయుడు నమస్కరించి రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, ఆపరేటర్లు, టీ తెచ్చే కుర్రవాడు అందరం క్షేమం. రెండో నంబరు యంత్రంలో కోత టూలును పట్టి తిప్పే స్పిండిల్ మాత్రం క్షేమంగా లేదు. ఆ సంగతి తమతో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మిమ్మల్ని బడిలో దశాంశ బిందువు అన్నారు. షాపులో పాయింట్ అంటాం. మా అమ్మకు చెప్పాల్సి వచ్చినప్పుడు చుక్క అన్నాను. ఆ మూడో పేరే మీకు అచ్చంగా సరిపోయింది. పట్టపగలు మనిషికి చుక్కలు చూపించడంలో మీ తర్వాతే ఎవరైనా.

ఇది బహిరంగ లేఖ కాబట్టి, తెలియనివారి కోసం మీ మహిమ కొంచెం చెబుతాను. మా యంత్రానికి జెడ్ అంటే పైకీ కిందికీ కదలిక. జెడ్ 100 అని రాసి, పక్కన మిమ్మల్ని కూర్చోబెడితే, టూలు జాబ్ (కోయాల్సిన లోహపు ముక్క) పైముఖం నుంచి వంద మిల్లీమీటర్ల ఎత్తుకు వెళ్తుంది. బెత్తెడు పైచిలుకు. మిమ్మల్ని మరిచిపోతే అదే వందను వంద మైక్రాన్లుగా చదువుకుంటుంది. అంటే మిల్లీమీటరులో పదో వంతు, ఒక తెల్లకాగితం మందం. బెత్తెడు లేవమంటే కాగితమంత లేచి 'లేచాను కదా' అంటుంది. అక్కడే ఆగినా ఫరవాలేదు. తర్వాతి లైనులో పక్కకు పొమ్మని ఉంటుంది, ర్యాపిడ్‌లో, అంటే కోయకుండా ఉరికే పరుగులో, నిమిషానికి 30 మీటర్ల వేగంతో. దారిలో జాబ్‌ను బిగించి పట్టిన క్లాంపు ఉంటుంది.

ప్రాణం నిలబెట్టే అంకె జెడ్ 100. చూశారా, ఇప్పుడు ఆ అంకె పక్కన ఉన్నది మీరా, వాక్యం ముగిసిందని పెట్టిన చుక్కా? చదివేవారికి ఈ అనుమానం వచ్చిందంటే మా ఉద్యోగం సగం వచ్చేసినట్లే.

మీతో నా తొలి పరిచయం ఇంత భయంకరమైనది కాదు. పని నేర్చుకుంటున్న రోజులు. 20 మిల్లీమీటర్ల లోతున రంధ్రం వేయాలి. డ్రిల్లు ఒక్క ఊపున దిగితే రజను ఇరుక్కొని విరుగుతుంది కనుక, కొంచెం దిగి, పైకి వచ్చి, మళ్ళీ దిగేందుకు జీ 83 అని ఒక సైకిల్ ఉంది. ఎంతెంత దిగాలో క్యూ అనే అక్షరం పక్కన చెప్పాలి. మూడేసి మిల్లీమీటర్లు అనుకొని క్యూ 3 రాశాను. పక్కన మీరు లేరు. డ్రిల్లు దిగింది, లేచింది. దిగింది, లేచింది. గింజ దొరకని కోడి బండరాయిని పొడిచినట్లు. టూలును చల్లార్చే కూలెంట్ ధారగా పోతోంది, స్పిండిల్ హాయిగా తిరుగుతోంది, లోడ్ మీటరు ముల్లు కదలడం లేదు. ఎంత జాగ్రత్తగా పని జరుగుతోందో అని మురిసిపోయి టీకి వెళ్లాను. తిరిగి వచ్చినా రంధ్రం పుట్టలేదు. మూడు మైక్రాన్ల చొప్పున 20 మిల్లీమీటర్లు దిగాలంటే 6,667 పొడుపులు. మా సీనియర్ వచ్చి తెర వంక చూశారు, నా వంక చూశారు, సైకిల్ ఆపి ఒకే ఒక్క కీ నొక్కి వెళ్లిపోయారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

సరే, మీరు లేకపోవడం అంత నేరమైతే, లేనప్పుడు యంత్రం అరవాలి కదా. అరవదు. మీరు రాకూడని చోటికి వస్తే మాత్రం అరుస్తుంది. అలారం 007: దశాంశ బిందువును అక్రమంగా వాడారట. ఎర్రలైటు వెలుగుతుంది, బండి ఆగుతుంది. లేత్ మీద మరలు కోసే జీ 76 సైకిల్‌లో పీ పక్కన, క్యూ పక్కన మీకు ప్రవేశం లేదు. జీ 04 అయితే మరీ విచిత్రం. కాసేపు ఆగమని చెప్పే కోడ్ అది. రెండు సెకన్లు ఆగమని ఎక్స్‌తో చెబితే 2 పక్కన మీరు ఉండి తీరాలి, లేకుంటే సెకనులో 500వ వంతు ఆగి, ఆగాను పొమ్మంటుంది. అదే మాట పీతో చెబితే మీరు కనిపించకూడదు, 2000 అని మిల్లీసెకన్లలో రాసుకోవాలి. ఒకే ఇంటి తోడికోడళ్లు. ఒకరు మీరు రానిదే విస్తరి వేయరు, ఇంకొకరు మీరు వస్తే తలుపు తీయరు. ఇక మిల్లింగ్‌లో ఫీడు, అంటే టూలు ముందుకు సాగే వేగం, రాసే ఎఫ్ దగ్గర మీరు ఉన్నా లేకపోయినా మా యంత్రానికి ఒకటే: 200 అంటే నిమిషానికి 200 మిల్లీమీటర్లే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒకే లైనులో ఎక్స్ పక్కన మీరు ప్రాణం, ఎఫ్ పక్కన ఉత్త సింగారం.

ఈ ఏర్పాటు ఎవరిదని తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, మూలం ఓ కాగితం. మిషిగన్‌లో హెలికాప్టర్ రెక్కలు చేసే జాన్ పార్సన్స్‌కు వచ్చిన ఆలోచనను పట్టుకొని, 1952 సెప్టెంబరులో ఎంఐటీ వారు అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని లోకానికి చూపించారు. ఆ తరం యంత్రాలకు పాఠం చెప్పింది చిల్లులు పొడిచిన కాగితపు టేపు. తర్వాత అందరూ వాడిన టేపులో అంగుళానికి పది అక్షరాలు పడతాయి. అంటే మీరు కూర్చోవడానికి 2.54 మిల్లీమీటర్ల జాగా కావాలి. అంకెకు ముందుండే సున్నలనో, వెనకుండే సున్నలనో వదిలేసి టేపు పొదుపు చేసుకున్న కాలమది. మీ స్థానం ఎన్నో అంకె తర్వాతో ముందే ఒప్పందం ఉండగా మిమ్మల్ని పనిగట్టుకొని పిలవడం ఎందుకనుకున్నారు. మన అచ్చులోంచి అరసున్నను తప్పించినట్లే. 'వాఁడు'లో అరసున్న పోయినా వాడికి ఏమీ కాలేదు. మీరు పోతే టూలుకు అవుతుంది, అదొక్కటే తేడా. టేపు పోయింది, టేపు చదివే పెట్టెలు పాత ఇనుము కొట్టుకు పోయాయి. ఆ 2.54 మిల్లీమీటర్ల పొదుపు మాత్రం చెక్కుచెదరకుండా మా దాకా వచ్చింది.

దీనికి మందు లేదా? ఉంది. మా కంట్రోలర్‌లో 3401 అనే పారామీటర్, అంటే లోపలి సెట్టింగు, ఒకటి ఉంది. అందులో ఒక బిట్టును సున్న నుంచి ఒకటి చేస్తే, మీరు లేని అంకెను కూడా క్యాలిక్యులేటర్‌లాగా నిండు మిల్లీమీటర్లుగానే తీసుకుంటుంది. మూడో నంబరు యంత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఎవరో పుణ్యాత్ముడు అప్పటికే ఆ బిట్టు మార్చేశాడు. రెండో నంబరును మార్చే ధైర్యం ఎవరికీ లేదు. దాని కడుపు నిండా నాకు ముందు పనిచేసి వెళ్లిపోయిన ఒక పెద్దమనిషి రాసిన ప్రోగ్రాములు ఉన్నాయి. ఆయనకు మీరంటే గిట్టదు. 25 మిల్లీమీటర్లను 25000 అని మైక్రాన్లలో రాసేవారు. ఇప్పుడు బిట్టు మారిస్తే ఆ 25 మిల్లీమీటర్లు 25 మీటర్లవుతాయి. మా షెడ్డే అంత పొడవు లేదు. కనుక ఒకే రేకుల కప్పు కింద రెండు యంత్రాలు, ఒకే ప్రోగ్రాముకు రెండు అర్థాలు. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ ఉంది, జాబ్‌ను పట్టి ఉంచే ఫిక్స్చర్ అంటే ఏమిటో ఇక్కడ టీ కొట్టాయనకు కూడా తెలుసు. రెండో నంబరులో 10 అంటే ఎంత అని అడగండి, అందరూ ఒక క్షణం ఆలోచిస్తారు.

కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేరే ప్రోగ్రాం రాసిస్తుంది కదా అని బంధువులు అడుగుతుంటారు. రాసిస్తుంది. ప్రతి అంకె పక్కనా మిమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టే రాస్తుంది. తంటా అంతా ఆ తర్వాత యంత్రం ముందు నిలబడి, నూనె వేళ్లతో, 'కొంచెం' మార్చినప్పుడు వస్తుంది. 'కొంచెం' గారికి వేరే లేఖ రాయాలి.

ఇక రెండో నంబరు సంగతి. జాబ్ కొత్త ఫిక్స్చర్ మీదికి వచ్చింది, క్లాంపులు మునుపటికంటే ఎత్తయ్యాయి. రాత్రి షిఫ్టు ఆపరేటర్ బుద్ధిమంతుడు. టూలు ఇంకాస్త పైకి లేవాలని జెడ్ 50ని తీసి జెడ్ 100 పెట్టాడు. పెట్టి, నడపకుండా, పొద్దున నాకు చూపించాకే అని ఆగాడు. పొద్దున వచ్చాను. తెర మీద ప్రోగ్రాం ఒక్కో లైను చదివాను. జెడ్ 100, పక్కనే మీరు. కళ్లారా చూశాను. వేలు పెట్టి చూపించి మరీ "పాయింట్ ఉంది" అన్నాను.

సింగిల్ బ్లాక్‌లో నడపలేదా అని అడుగుతారేమో. నడిపాను. మొదటి ఐదు లైన్లు ఒక్కొక్కటిగా, ర్యాపిడ్‌ను 25 శాతానికి తగ్గించి, వేలు ఎర్రబటన్ మీదే ఉంచి. ఐదూ ముత్యాల్లా నడిచాయి. నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరిన మరుక్షణం సింగిల్ బ్లాక్ తీసేసి ర్యాపిడ్‌ను వందకు తిప్పడం మా వృత్తిధర్మం. మొదటి పాకెట్‌ను, అంటే జాబ్‌లో గుంటను, అద్దంలా కోసింది. టూలు బయటికి వచ్చింది, జాబ్ మీద కాగితమంత ఎత్తున ఆగింది, పక్కకు కదిలింది.

ఆ చప్పుడును వర్ణించను. విన్నవాళ్లకు అక్కరలేదు, విననివాళ్లకు వద్దు. షెడ్డులో అందరి చేతులూ ఆగిపోయాయి. పక్క షెడ్డులో గ్రైండర్ కూడా ఆగింది, వాళ్లు పరామర్శకు వచ్చారు. ఎర్రబటన్ నొక్కాను, శాస్త్రానికి. టూలు, 12 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్, మూడు ముక్కలు. క్లాంపు వంగింది. స్పిండిల్‌కు వంకర చూపే డయల్ పెట్టి చేత్తో తిప్పితే ముల్లు సంక్రాంతి గంగిరెద్దులా తల ఊపుతోంది.

వణుకు తగ్గాక తెర దగ్గరికి వెళ్లాను. జెడ్ 100 పక్కన మీరు ఉన్నారు! పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. తప్పు యంత్రానిదే, నాది కాదు. ఓనరు గారిని పిలిచాను. ఆయనకు బాగా కనిపించాలని గుడ్డ తీసుకొని తెర తుడిచాను.

మీరు పోయారు.

కూలెంట్ చుక్క. ఎండి తెల్లబడి, సరిగ్గా ఆ సున్న పక్కన, మీ ఎత్తున, మీ లావున. లైన్లను ఒక్కసారి పైకి జరిపి ఉంటే తెలిసేది: ప్రోగ్రాం కదులుతుంది, మరక కదలదు. ఓనరు గారు గుడ్డ వంక చూశారు. ఆయనది కూడా మా సీనియర్ బడే, ఏమీ అనలేదు. బ్రేక్‌డౌన్ రిజిస్టరులో కారణం అనే గడి ఉంది. అందులో ఆపరేటర్ వచ్చీరాని దస్తూరితో 'ప్రోగ్రామర్ పొరపాటు' అని రాశాడు. వాక్యం చివర మిమ్మల్ని మాత్రం ఒత్తి ఒత్తి పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె వాకిట్లో 15 చుక్కలు, 15 వరసల ముగ్గును తెల్లవారుజామున మసక చీకట్లోనే వేస్తుంది. అంతా విని ఒకటే అడిగింది.

"చుక్క లేకపోతే గీత ఎట్లా కలిసిందిరా?"

"కలవలేదమ్మా. అందుకే విరిగింది."

"కలవనప్పుడు ఆగాలి కదా" అంది. ముగ్గులో ఒక చుక్క తప్పితే గీత అక్కడే దారి తప్పుతుంది, చేయి ఆగుతుంది, చెరిపి మళ్ళీ పెడుతుంది. గుప్పెడు బియ్యప్పిండికి ఉన్న ఇంగితం లక్షలు పోసిన యంత్రానికి ఎందుకు లేదో ఆమెకు చెప్పలేకపోయాను.

అయ్యా, మీకు మేము చేసిన లోటు ఏమిటి? దసరాకు ఆయుధపూజ నాడు షెడ్డంతా కడిగి, యంత్రం తలుపు మీద ఒక చుక్క, స్పిండిల్ తల మీద ఒక చుక్క, టూల్ మ్యాగజైన్‌కు ఒకటి, కీబోర్డుకు కూడా ఒకటి, పసుపు మీద కుంకుమతో పెడతాం. ఎర్రబటన్‌కు పెట్టినది కనిపించదు, అయినా పెడతాం. గుమ్మడికాయ కొడతాం. ఇన్ని చుక్కల మధ్య కూర్చొని యంత్రం లోపల ఒక్క చుక్క కోసం కాచుకొని ఉంటుంది.

కాబట్టి తమకు ఒకే విన్నపం. మమ్మల్ని మార్చలేరు, 3401ని మేము మార్చలేము. మీరే ఒళ్లు చేయండి. తెర మీద ఇప్పుడు నువ్వుగింజలో సగం ఉన్నారు, మినపగింజంత కండి. అది మీ హోదాకు తక్కువ అనుకుంటే, కూలెంట్ మరకతో పోలిక అయినా తప్పించుకోండి, కొంచెం చతురస్రంగానో, కొంచెం ఎర్రగానో.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండో నంబరు ప్రోగ్రామర్.

తా.క.: ఈ లేఖ ముగిస్తుండగా రాత్రి షిఫ్టు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, జెడ్ 80 పెట్టాను. పక్కన పాయింట్ కనిపిస్తోంది" అన్నాడు. తుడిచి చూడమన్నాను. ఫోను చెవి దగ్గరే ఉంది, గుడ్డ కోసం వెతుకుతున్నాడు.