మా నాన్నమ్మ ఐదోసారి చనిపోయిన విధంబెట్టిదనిన

గత మూడు నెలల్లో మా నాన్నమ్మ ఐదుసార్లు చనిపోయింది. మొదటిసారి గుండెపోటు. రెండోసారి పాము. మూడోసారి రైలు పట్టాలు దాటుతూ. నాలుగోసారి నిద్రలోనే పోయింది, ఆ రోజు నాకు టైము లేదు మరి. ఐదో చావు సంగతి చివర్లో చెప్తాను. ఆవిడ అనకాపల్లిలో నిక్షేపంగా ఉంది, మొన్న ఫోన్ చేసి రెండు కిలోల బెల్లం పంపాను ముట్టిందా అని అడిగింది కూడా. ఇదంతా నటశిక్షణలో భాగం కాబట్టి బంధుమిత్రులు ఎవరూ కంగారు పడవద్దని మనవి.

నేను విశాఖపట్నంలో నటన నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, మద్దిలపాలెం వైపు ఒక మేడ మీద. సంస్థ పేరు చెప్పను, చెప్తే ఇంకో పదిమంది చేరతారు, ఈ రోజుల్లో తిట్టు కూడా పబ్లిసిటీయే కదా. మూడు నెలల కోర్సు, నాలుగు వేలు ఫీజు, నల్ల టీషర్టు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నల్ల టీషర్టు లేనిదే ప్రపంచంలో ఏ నటుడికీ నటన రాలేదని మాకు మొదటి రోజే అర్థమైంది.

వారానికో టెక్నిక్ నేర్పారు. ఒక వారం మేయర్‌హోల్డ్. గాల్లో బాణం వేయడం, లేని రాయి విసరడం, ఎదుటివాడి చెంప మీద కొట్టినట్టు కొట్టడం. రష్యాలో ఆ మహానుభావుడు ఒళ్లును యంత్రంలా తయారుచేయడానికి పెట్టిన కసరత్తులు అవి. మా కింద ఫ్లోరు అంకుల్‌కి మాత్రం పైన ఎవరో ఎవర్నో చంపుతున్నట్టు వినిపించి మెట్లెక్కి వచ్చారు. తర్వాతి వారం బ్రెహ్ట్ అనే జర్మన్ నాటకకర్త. ప్రేక్షకుడు కథలో మునిగిపోకూడదు, ఇది నాటకమే సుమా అని వాడికి ఎప్పటికప్పుడు గుర్తు చేస్తూ ఉండాలి అని సారు గొంతు తగ్గించి, ఏదో రహస్యం చెప్తున్నట్టు చెప్పారు. ఒకే వేషానికి ఇద్దరు ముగ్గురు పేరున్న నటుల్ని మాట్లాడుకునే మన కాంట్రాక్టు పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు వచ్చేవాళ్లు. పొట్టి కృష్ణుడు లోపలికెళ్లి పొడుగు కృష్ణుడు బయటికొస్తే జనం ఈలలు వేశారే గానీ ఎవరూ ఆధార్ కార్డు అడగలేదు. దానికోసం జర్మనీలో ఒకాయన పుస్తకాలకు పుస్తకాలు రాయాల్సి వచ్చింది, పాపం.

నాట్యశాస్త్రానికి ఒక గంట ఇచ్చారు. నాలుగు అభినయాలు, ఎనిమిది సాత్విక భావాలు, జిరాక్స్ కాగితం ఒకటి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం అని చదువుతుండగానే టైమైపోయింది. అశ్రువు దాకా వెళ్లనే లేదు. స్వేదం ఒక్కటి మాకు ఆ హాల్లో ఏ శిక్షణా లేకుండానే వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎమోషన్ మెమరీ ఒక ఎత్తు. దానికి ఏకంగా మూడు వారాలు. నా బాధంతా దాని గురించే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పాత్ర ఏడవాల్సి వస్తే నటుడు తన జీవితంలో నిజంగా ఏడ్చిన సందర్భాన్ని గుర్తు తెచ్చుకోవాలి, ఆ ఏడుపు తెచ్చి పాత్రకి పెట్టాలి. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింట్లోంచి ఒక గ్లాసు తెచ్చుకున్నట్టు. మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన స్టానిస్లావ్‌స్కీ ఒకప్పుడు దీన్ని బాగా నమ్మాడు, రిబో అనే ఫ్రెంచ్ మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర ఆ ఆలోచన పట్టుకున్నాడు. అక్కడి నుంచి అమెరికా వెళ్లి, అక్కడ నటన నేర్పే లీ స్ట్రాస్‌బర్గ్ చేతిలో పడి, ఢిల్లీలో ఎవరో పెట్టిన పది రోజుల వర్క్‌షాపు మీదుగా మద్దిలపాలెం చేరింది. దారిలో ఏవేం రాలిపోయాయో తర్వాత చెప్తాను.

క్లాసు ఇలా జరుగుతుంది. లైట్లు ఆర్పేస్తారు. ఫ్యాన్లు కూడా ఆపేస్తారు, ఎందుకంటే ఫ్యాను చప్పుడుకి జ్ఞాపకం చెదిరిపోతుందట. విశాఖలో, మే నెలలో, సాయంత్రం ఏడు గంటలకి, ఫ్యాను ఆపితే జ్ఞాపకాలేం వస్తాయండీ, పూర్వజన్మ వస్తుంది. ఇరవై ఇద్దరం గచ్చు మీద వెల్లకిలా పడుకుంటాం. సారు చెప్పులు విప్పేసి మా మధ్యలో మెల్లగా నడుస్తూ, రేడియోలో సంతాప వార్త చదివే గొంతుతో, మీ జీవితంలో అతి బాధాకరమైన క్షణానికి వెళ్లండి, ఆ గది చూడండి, గోడ రంగేమిటి, ఏ వాసన వస్తోంది, అని అడుగుతారు.

"సార్, పెసరట్టు వాసన వస్తోంది సార్," అన్నాడు గాజువాక కుర్రాడు.

"గుడ్. ఆ వాసనతో ఉండు. ఆ రోజు మీ ఇంట్లో పెసరట్లు వేశారా?"

"లేదు సార్, ఇప్పుడు కింద వేస్తున్నారు సార్."

సారు ఏమీ అనలేదు. మూలనున్న అమ్మాయి దగ్గరికి వెళ్లారు. ఆమె హుద్‌హుద్ గుర్తొచ్చింది సార్ అంది. సారు సంతోషించారు. ఆమె చెప్పింది, పైకప్పు రేకు ఎగిరిపోవడం, రాత్రంతా మంచం కింద కూర్చోవడం, వీధిలో వేపచెట్టు పడిపోవడం. పక్కన ఇంకొకడు నాక్కూడా హుద్‌హుద్దే సార్ అన్నాడు. వాడి పక్కనున్నవాడికీ అదే. 2014 అక్టోబరు 12న ఊరు ఊరంతా ఇళ్లల్లో ముడుచుకుని కూర్చుంది కదా, మా బ్యాచ్ మొత్తం అప్పుడు హైస్కూలు మెట్లెక్కుతున్న వయసు, మరి ఏ బాధ గుర్తొస్తుంది? కరెంటు లేని రోజులు, పాల ప్యాకెట్ల కోసం లైన్లు, తెల్లారి లేచి చూస్తే చెట్లు లేక బోడిగా, తెల్లగా కనిపించిన ఊరు. తొమ్మిదో వేపచెట్టు పడేసరికి సారుకి ఓపిక పోయింది.

"తుఫాను వద్దు! తుఫాను అందరిదీ. నాకు మీ సొంత బాధ కావాలి. సొంతది!"

"సార్, వేపచెట్టు మా సొంతదే సార్," అని చీకట్లోంచి ఎవరో అన్నారు. గుక్కపట్టి నవ్వు ఆపుకున్నవాళ్లకి ఆ రోజు కన్నీళ్లు బాగానే వచ్చాయి, సారు వాటికి మార్కులు వేశారు.

అవును, మార్కులు. కన్నీళ్లు బయటికొస్తే పది. గొంతు జీరబోతే ఐదు. ఊరికే మొహం మాడ్చుకుంటే రెండు. ఎప్పుడైతే ఏడుపుకి రేటు కట్టారో, మా బ్యాచ్‌లో బంధువుల చావులు ఒక్కసారిగా పెరిగిపోయాయి. తాతలు టపటపా రాలిపోయారు. గాజువాక కుర్రాడు సొంత మేనమామని లారీ కింద పెట్టేసి పదికి పది తెచ్చుకున్నాడు. ఆ రాత్రి వర్షం పడుతుంటే అదే మేనమామ వీణ్ని తీసుకెళ్లడానికి బండి మీద వచ్చి, పైకొచ్చి, సారుకి నమస్కారం పెట్టి, మావాడు ఎలా చేస్తున్నాడండీ అని అడిగాడు. చాలా బాగా చేస్తున్నాడు, మీకే అన్యాయం జరిగింది అని చెప్పలేక సారు తల ఊపారు.

నా సంగతి మీకు తెలిసిందే. నాన్నమ్మ.

ఆవిడకి అన్నీ ఫోన్లో చెప్పేస్తాను, దాచను. మొదటిసారి చెప్పినప్పుడు కాసేపు నవ్వి, "గుండెపోటేట్రా, మా వంశంలో ఎవలికీ లేదు," అంది. తర్వాత అడిగింది, ఏడిస్తే పజ్జెం ఎలాగొస్తాదిరా, గొంతు పూడుకుపోదా అని. మాకు పద్యాలు లేవు నాన్నమ్మా, ఏడుపొక్కటే అన్నాను. ఆవిడకి అది బొత్తిగా అర్థం కాలేదు. కొత్త అమావాస్య జాతరలో హరిశ్చంద్ర కాటిసీను చూసిన మనిషి ఆవిడ. కొడుకు శవం ముందు హరిశ్చంద్రుడు కుప్పకూలి పద్యం అందుకుంటే జనం మొత్తం ముక్కులు చీదారట, ఆ వెంటనే వన్స్ మోర్ అని అరిచారట. హరిశ్చంద్రుడు లేచి, కండువాతో మొహం తుడుచుకుని, హార్మోనియం మాస్టారు శ్రుతి ఇస్తే మళ్లీ మొదట్నుంచీ కుప్పకూలాడట. మళ్లీ వన్స్ మోర్. మూడోసారికి చచ్చిపడున్న లోహితాస్యుడు దోమ కుట్టి టప్పున చెంప మీద కొట్టుకున్నాడట. ఎవరూ నవ్వలేదు, పాపం పసివాడు అనుకున్నారట, అది కూడా ఏడుస్తూనే. ఎమోషన్ మెమరీ లెక్కన చూస్తే ఆ నటుడు ఒక్క రాత్రికి ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకోవాలి. సీజనుకి ఎన్ని నాటకాలు, ఎన్ని వన్స్ మోర్‌లు, లెక్క వేసుకోండి. అంత సంతానం ఆ గాంధారికే సాధ్యం.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఇక్కడి నుంచి నాకు సరదా లేదు.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది. ఉండేది. తక్కువ మాట్లాడేది, అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది. రెండో వారంలో ఒకరోజు సారు ఆమె తల దగ్గర కూర్చుని అడిగితే నిజం చెప్పింది. మాలాగా కల్పించడం ఆమెకి రాలేదు. 2021 మే నెలలో వాళ్లమ్మ పోయింది. ఒక ఆసుపత్రి మెట్ల మీద, మంచం దొరక్క, ఆటోలోంచి దింపి కూర్చోబెట్టి, ఈమె చున్నీతో విసురుతూ ఉంది. చున్నీ రంగు కూడా చెప్పింది, సారు అడిగారు కాబట్టి. హాల్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. సారు ఏమన్నారో తెలుసా? "బ్యూటిఫుల్. దీన్ని దాచుకో, రెండో సీన్లో వాడదాం. మళ్లీ ఒకసారి మొదట్నుంచి, కొంచెం గట్టిగా, వెనకవాళ్లకి వినపడాలి." ఆమె మళ్లీ చెప్పింది. ఆయన చెప్పమన్నాడు కాబట్టి చెప్పింది! ఇంకోసారి అన్నాడు. మూడోసారి చెప్తున్నప్పుడు ఎవరో ఫోన్ పైకెత్తి తీస్తున్నారు, ఆయన చూశాడు, వద్దనలేదు. మేము ఇరవై ఒక్కమంది గచ్చు మీద పడుకుని ఉన్నాం. ఒక్క వెధవ లేవలేదు. నేనూ లేవలేదు.

మూడోసారి అయ్యాక ఆమెకి వేళ్లు వంకర్లు పోయాయి, నీళ్ల సీసా పట్టుకోలేకపోయింది. పదికి పది వేశారు.

ఆమె మళ్లీ రాలేదు. ఫీజు వెనక్కివ్వం అని రసీదు మీదే ఉంది, చిన్న అక్షరాల్లో.

నేను ఆ రాత్రి ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను, ముందే చేయాల్సిన పని. ఏ స్టానిస్లావ్‌స్కీ పేరు చెప్పి ఈ బేరం నడుస్తోందో ఆ స్టానిస్లావ్‌స్కీయే తర్వాతి కాలంలో దీన్ని పక్కకు జరిపాడు. ఏడుపుని వెతకొద్దు, పని వెతుకు, పాత్ర ఆ క్షణంలో చేతులతో ఏం చేస్తోందో అది చెయ్యి, మిగతాది దాని వెనకే వస్తుంది అనే దారికి మళ్లాడు. 1934లో స్టెల్లా ఆడ్లర్ అనే అమెరికన్ నటి పారిస్ వెళ్లి కొన్ని వారాలు ఆయన దగ్గర కూర్చుని, తిరిగొచ్చి తన నాటక బృందానికి ఈ మాటే చెప్పింది. మనం తప్పుగా చేస్తున్నాం, కల్పన మీద, పాత్ర ఉన్న పరిస్థితుల మీద ఆధారపడాలి అని. స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు, చివరిదాకా ఎమోషన్ మెమరీనే పట్టుకున్నాడు. కానీ ఆయన కూడా ఒక నియమం పెట్టుకున్నాడు, ఏడేళ్లు దాటని జ్ఞాపకాన్ని ముట్టుకోవద్దని. ఏడేళ్లు! ఆ లెక్కన మా తొమ్మిది వేపచెట్లకీ అర్హత ఉంది. ఆ అమ్మాయి వాళ్లమ్మకి లేదు. 1934 నాటి కబురు మద్దిలపాలెం చేరడానికి ఏ రైలెక్కాలి? జిరాక్స్‌లో ఆ పేజీ పడలేదా, పడినా చదవలేదా? నాలుగు వేలు తీసుకునే మనిషికి నాలుగు పేజీలు చదివే ఓపిక ఉండక్కర్లేదా? పచ్చిపుండు మీద వేలు పెట్టి కెలికితే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి, దానికి గురువెందుకు, గోరు చాలు.

నాన్నమ్మకి ఇదీ చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత అంది, "ఒరే, ఈపాలి నన్ను ఆస్పత్రి లేకుండా సంపు."

సరే అన్నాను.

మర్నాడు నా వంతు వచ్చింది. లైటు ఆర్పొద్దు సార్ అన్నాను, ఫ్యాను కూడా ఉండనివ్వండి అన్నాను. గాజువాక కుర్రాణ్ణి మధ్యలో పడుకోబెట్టి దుప్పటి కప్పాను, వాడే మా నాన్నమ్మ. జాతరలో కాటిసీను చూస్తూ చూస్తూ, హరిశ్చంద్రుడికి వన్స్ మోర్ అని అరిచి, ఆ అరుపుతోనే పక్కకి ఒరిగిపోయిందన్నమాట. నేను శవం దగ్గర కూర్చుని, రాని గొంతుతో, వచ్చిన రాగంలో, అప్పటికప్పుడు కట్టిన పద్యం ఒకటి ఎత్తుకున్నాను. ప్రాస కుదరలేదు, యతి సంగతి అడగొద్దు. చివర్లో సాగదీసి కుప్పకూలాను. వెనక నుంచి ఎవరో వన్స్ మోర్ అన్నారు. లేచాను, మొహం తుడుచుకున్నాను, మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి అందరూ అన్నారు. మూడో విడతలో దుప్పటి కిందనుంచి గురక వినపడింది, ఫ్యాను గాలికి మా నాన్నమ్మ నిజంగానే నిద్రపోయింది. ముందు వరసలో ఇద్దరమ్మాయిలు నవ్వుతూ కళ్లు తుడుచుకుంటున్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

సారు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ఇందులో నీ బాధ ఏదీ? ఊరికే నటిస్తున్నావ్ నువ్వు."

"అది నేర్చుకుందామనే కదా సార్ ఫీజు కట్టాను."

సున్నా వేశారు. హాజరు పుస్తకంలో ఆ అమ్మాయి పేరు నా పేరుకి పైనే ఉంటుంది. ఇప్పటికీ రోజూ పిలుస్తున్నారు. పిలిచి, ఒక్క క్షణం ఆగి, నా పేరు పిలుస్తారు.