కాఫీ నార్కట్‌పల్లి దాకా వచ్చి ఆగింది

పెద్ద కాఫీ కంపెనీల మీద నా అభిప్రాయం ఏమిటో జిల్లా ప్రజలకు స్పష్టంగా చెప్పాల్సిన సమయం వచ్చింది. అవి మా నల్లగొండకు రాకూడదు. వస్తే మా చాయ్ మర్యాద మంటగలుస్తుంది, మా పిల్లలు చెడిపోతారు, గడియారం సెంటర్‌లో బండి పెట్టుకునే జాగా కూడా మిగలదు. ఇది నా దృఢమైన అభిప్రాయం. నాకు రెండో అభిప్రాయం కూడా ఉంది, అదీ అంతే దృఢమైనది. ఇంతకాలమైనా ఆ కంపెనీ మా ఊరికి ఎందుకు రాలేదు? మాకేం తక్కువ?

రెండు అభిప్రాయాలూ ఒకే మనిషికి ఎట్లా ఉంటాయని అడిగేవాళ్లు పెళ్లిళ్లకు పోనివాళ్లయి ఉంటారు. పిలవలేదని అలిగినవాడు, పిలిస్తే పోతాడని ఎక్కడ రాసిపెట్టి ఉంది?

అసలు తప్పంతా 65వ నంబరు జాతీయ రహదారిది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ఈ రోడ్డు చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట అని వరసగా అందరినీ పలకరిస్తూ పోతుంది. జిల్లా కేంద్రం ముఖం మాత్రం చూడదు. మేం దాదాపు ఇరవై కిలోమీటర్లు పక్కకు ఉన్నాం. కాఫీ కంపెనీ కూడా రోడ్డు చెప్పిన మాటే విన్నది. హైవే పక్కన అద్దాల గది కట్టుకుని, ఆకుపచ్చ మొక్కలు నాలుగు పెట్టుకుని, కూర్చుంది. అది కచ్చితంగా ఎక్కడో నేను చెప్పను. కంపెనీ పేరూ చెప్పను. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

అన్యాయం చేసే ముందు చరిత్ర చదవాలని నేను పిల్లలకు చెప్పేవాణ్ని. (నేను చెప్పింది లెక్కలు. ముప్ఫై మూడేళ్లు చెప్పి రిటైరయ్యాను. చరిత్ర సారు సెలవు పెట్టినప్పుడు ఆ క్లాసూ నాదే.) కాబట్టి ఈ కాఫీ దుకాణాల చరిత్ర చదివాను. స్టార్‌బక్స్ 1971లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైనప్పుడు కాఫీ కాచి అమ్మలేదు, గింజలే అమ్మింది. 1983లో ఆ కంపెనీలో పనిచేసే హోవార్డ్ షుల్ట్జ్ ఇటలీలోని మిలాన్ పోయి, అక్కడి కాఫీ బార్లు చూసి, పోసేవాడికీ తాగేవాడికీ మధ్య ఉన్న చనువుకు ముచ్చటపడ్డాడు. దాన్నే అమెరికాకు మోసుకుపోదామనుకున్నాడు. పాపం, ఒక చాయ్ హోటల్ చూడటానికి అంత దూరం పోవాలా? మా రామగిరి వచ్చి ఉంటే పొద్దున ఏడింటికల్లా చనువు అంటే ఏమిటో చూపించి, సాయంత్రం బస్సుకు పంపేవాళ్లం.

మన దేశంలో 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదలైంది. 2012 అక్టోబరులో టాటాల పొత్తుతో స్టార్‌బక్స్ ముంబైలో దిగింది. అంతకు ముందు కథ ఇంకా గొప్పది. బాబా బుడన్ అనే సూఫీ సాధువు హజ్ యాత్ర నుంచి తిరిగొస్తూ యెమెన్‌లోని మోకా రేవులో ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఏడంటే ఏడు. ఆయన పైసా ఖర్చు లేకుండా తెచ్చిన దానికి ఇప్పుడు నా దగ్గర జీఎస్టీతో కలిపి 290 రూపాయలు తీసుకుంటున్నారు. వడ్డీ మీద వడ్డీ వేసినా ఇంత కాదు.

ఇక పేర్లు. ఇటాలియన్ భాషలో లాటే అంటే పాలు. ఇటలీలో ఉత్త లాటే అడిగితే గ్లాసులో పాలే తెచ్చిస్తారట. ఈ ముక్క తెలిసినప్పటి నుంచి ఆ అద్దాల గదిలో సూటూ బూటూ వేసుకుని లాటే, లాటే అని అడిగేవాళ్లను చూస్తే, పాలకేడ్చే పసిపిల్లలను చూసినట్టే ఉంటుంది నాకు. కాపుచినో పేరు కాపుచిన్ అనే క్రైస్తవ సన్యాసుల గోధుమరంగు అంగీ నుంచి వచ్చింది. మన సాధువులది కాషాయం, పొయ్యి మీద కాగేది కషాయం. దీర్ఘం దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నాం మనం! ఇటలీవాళ్లు ఆ రెండింటినీ ఒకే కప్పులో పోసి పైన నురగ కప్పేశారు.

కొలతల విషయంలో మాత్రం లెక్కల సారుగా నేను మౌనంగా ఉండలేను. స్టార్‌బక్స్ భాషలో టాల్ అంటే పొడుగు కదా, అది 354 మిల్లీలీటర్లు. దాని మీద గ్రాండే, దాని మీద వెంటీ. గ్రాండే అంటే పెద్దది, వెంటీ అంటే ఇరవై. ఒకటి ఎత్తు, ఒకటి సైజు, ఒకటి అంకె. ఈ మూడింటినీ ఒకే వరసలో పెట్టిన పిల్లవాడు నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ని. మా దగ్గర రెండే కొలతలు. ఫుల్లు, వన్ బై టూ. భిన్నాలు నేర్పడానికి నేను ముప్ఫై మూడేళ్లు వాడిన ఉదాహరణ అదే.

నీళ్ల మాట కూడా చెప్పాలి. వాళ్ల బోర్డు మీద ‘శుద్ధి చేసిన నీళ్లతో’ అని రాసి ఉంది. నల్లగొండవాళ్లకు నీళ్ల శుద్ధి గురించి బోర్డు! ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడగట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే చదువుతారు. ప్రపంచంలో ఇంకెన్ని ఊళ్లకు తమ కష్టం మీద ఒక టెక్నిక్ ఉంది? ఆ నీళ్లతో నడుములు వంగి, మోకాళ్లు పట్టేసిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం. అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోక తప్పదు. తేయాకు చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాక్కుంటుంది, కాఫీ గింజలో ఆ బెడద చాలా తక్కువ. అంటే ఫ్లోరైడ్‌తో పోరాడిన ఊరు, పోరాటం మధ్యలో అలసట తీర్చుకోవడానికి తాగిందల్లా చాయే. ఈ ఒక్క విషయంలో నేను కాఫీ పక్షం. మా హోటల్లో మాత్రం ఈ సంగతి చెప్పకండి.

హోటల్ అంటే మా దగ్గర చాయ్ హోటలే. పడుకోవడానికి గదులుండేది లాడ్జి. నలభై ఏళ్లుగా ఒక్క కాకనే నడుపుతున్నాడు. మూడు బల్లలు, ఒక పొయ్యి, సగం అరిగిన అల్యూమినియం జల్లెడ. ఉస్మానియా బిస్కెట్ల సీసా. ఆ చాయ్ ముందు ఏ ఊరి కాఫీ అయినా దిగదుడుపే అని ఇప్పటికీ అంటాను. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అక్కడ చాయ్ ఒక్కటే ఉండదు.

“సార్, చిన్నోని పెండ్లి ఎందాకొచ్చింది?”

“షుగర్ ఎంతున్నది సార్ ఇప్పుడు? మల్ల చక్కెర ఏయమంటున్నవేంది?”

“ఆ ప్లాటు సంగతి తేలిందా, ఇంకా కోర్టుల్నే ఉన్నదా?”

మా చిన్నోడికి ముప్ఫై రెండేళ్లు. పెళ్లి కాలేదు. కారణం వాడికి తెలియదు, నాకు తెలియదు, హోటల్‌కు తెలుసు. ఆ బల్లల మీద కూర్చునేవాళ్లలో సగంమంది నా దగ్గర ఎక్కాలు చదివినవాళ్లే. ఒకప్పుడు వాళ్లను నేను నిలబెట్టి అడిగిన ప్రశ్నలకు ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి బదులు తీర్చుకుంటున్నారు. ఎస్ప్రెసో కాఫీకి మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేడినీళ్లు పంపి, పాతిక ముప్ఫై సెకన్లలో రసం దించుతారని చదివాను. మా హోటల్లో అంత సమయం పట్టదు.

1989లో రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త, మనిషికి ఇల్లు ఒకటో చోటు, పనిచేసే జాగా రెండో చోటు, నలుగురూ కలిసి కబుర్లు చెప్పుకోవడానికి మూడో చోటు ఒకటి ఉండాలని చెప్పాడు. కాఫీ కంపెనీలు ఆ మాట పట్టుకుని మూడో చోటు మేమే అన్నాయి. అయ్యా, మూడో చోటు మా దగ్గర రచ్చబండ కాలం నుంచీ ఉంది, అదే నా బాధ! నాకు కావాల్సింది నాలుగోది. మూడో చోటు నుంచి పారిపోయి కూర్చునేది.

కాబట్టి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆరు నెలలుగా ప్రతి మంగళవారం నేను అక్కడికి పోతున్నాను. ఇంట్లో చెర్వుగట్టు పోయొస్తానని చెబుతాను. దారి అదే, అబద్ధం సగమే. రామలింగేశ్వరస్వామి కొండకు కింది నుంచే బండి ఆపకుండా దండం పెట్టి ముందుకు పోతాను. చెర్వుగట్టుకు అందరూ అమావాస్యకు పోతారు, నువ్వేంది మంగళారం మంగళారం పోతవని మా ఇంటావిడ ఒకసారి అడిగింది. రద్దీ ఉండదన్నాను. అది మాత్రం పూర్తి నిజం.

ఖర్చు సంగతి లెక్క వేయకుండా ఉండే మనిషిని కాను. కాఫీ 290. మా హోటల్లో చాయ్ పదిహేను. అంటే ఒక కాఫీకి పంతొమ్మిది చాయ్‌లు, ఇంకా ఐదు రూపాయలు మిగులు. రానూపోనూ పెట్రోలు 86. మొత్తం 376 రూపాయలు. మొదటి నెల ఈ అంకె చూసి నిద్ర పట్టలేదు. తర్వాత లెక్క ఇంకో వైపు నుంచి చేశాను. మా హోటల్లో అరగంట కూర్చుంటే సగటున పదకొండు ప్రశ్నలు వస్తాయి, వారం రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడు గంటలకు అరవై ఆరు. అద్దాల గదిలోనూ ప్రశ్నలు అడుగుతారు, పాలు ఏవి, నురగ ఎంత, వేడిగానా చల్లగానా అని. అవన్నీ కాఫీ మీద ప్రశ్నలు, నా మీద కావు. నా మీద అడిగేవి రెండే. పేరేంటి, డబ్బులు ఫోన్‌పేనా క్యాషా. అరవై ఆరులో రెండు పోతే అరవై నాలుగు. 376ను అరవై నాలుగుతో భాగిస్తే, అడగని ఒక్కో ప్రశ్నకు 5 రూపాయల 88 పైసలు. నల్లగొండలో ఇంత చవకగా ఇంకేం దొరుకుతుందో చెప్పండి.

పేరు కూడా సరిగ్గా వినరు వాళ్లు. మొదటి రోజు లింగయ్య అని చెప్పాను. కప్పు మీద ఇంగ్లీషులో లింకన్ అని రాసి ఇచ్చారు. దిద్దమని అడగబోయి ఆగిపోయాను. లింకన్‌కు షుగర్ లేదు. లింకన్ ప్లాటు కోర్టులో లేదు. లింకన్ కొడుకు పెళ్లి గురించి ఈ జిల్లాలో ఎవరికీ పట్టదు. అప్పటి నుంచి నేనే లింకన్ అని చెప్పడం మొదలుపెట్టాను. ఏసీ గాలి కింద, మెత్తటి కుర్చీలో మూడేసి గంటలు కూర్చునేవాణ్ని. మా పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుళ్లో పగలంతా కదలని నీడ ఉంది చూడండి, అట్లా. కాఫీ ఎట్లా ఉండేదని అడుగుతారేమో. చేదుగా ఉండేది.

పోయిన మంగళవారం కౌంటర్ దగ్గర కొత్త పిల్లవాడు. నల్ల టోపీ, నల్ల ఏప్రాన్. నేను లింకన్ అని చెప్పేలోపే వాడు చేతులు జోడించాడు.

“నమస్తే సార్! గుర్తువట్టలేదా? తొమ్మిదో తరగతిల మీరు నాకు లెక్కలు చెప్పిండ్రు. హోటల్ కాక మా తాతనే.”

ఆ పిల్లవాణ్ని చూసి ఏమనుకోవాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. వాళ్ల తాత నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడి ఒక్క సెలవు ఎరగడు. దసరా నాడు కూడా పొద్దున ఒక పూట తెరుస్తాడు. వీడికి వారానికో రోజు సెలవట, పీఎఫ్ కడుతున్నారట, ఈఎస్ఐ కార్డు వచ్చిందట. మిషన్ మీద పాల నురగతో ఆకు బొమ్మ వేసి చూపించాడు. బాగా వేశాడు. తొమ్మిదో తరగతిలో వీడికి వృత్తం కూడా గుండ్రంగా వచ్చేది కాదు.

“మీ తాత చూసిండా ఇది?” అని అడిగాను.

“చూసిండు సార్. ఇంత పాలు పారబోస్తుండ్రా అని తిట్టిండు.” కప్పు నా ముందు పెట్టి, కాస్త వంగి, గొంతు తగ్గించి అడిగాడు. “సార్, చిన్నన్న పెండ్లి కుదిరిందా?”

నా 5 రూపాయల 88 పైసలు!

ఇంకా కుదరలేదని చెప్పాను. కప్పు చేతిలోకి తీసుకున్నాను. దాని మీద పేరు చూసి వాడు నవ్వు ఆపుకుంటున్నాడు. వెనకాల ఇంకో పిల్లవాడు అలవాటు కొద్దీ రాసేసిన పేరు అది. “మీరు ఎప్పుడైనా రాండ్రి సార్, నేను చూసుకుంట. మన ఊర్ల గూడ తొందర్ల పెడుతుండ్రంట. గడియారం కాడనే. ఇగ మీకు ఇంత దూరం తిప్పలుండది.”

ఆ మాట వినగానే మొదటి అభిప్రాయం మళ్లీ పూర్తి బలంతో తిరిగొచ్చింది. ఆ కంపెనీ మా నల్లగొండకు రానే రాకూడదు.

ఆ రోజు మూడు గంటలు కూర్చోలేదు. తిరుగు దారిలో చెర్వుగట్టు దగ్గర బండి ఆపి, మొదటిసారి నిజంగానే కొండెక్కి దర్శనం చేసుకుని వచ్చాను. ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు గూకింది. అలవాటు కొద్దీ బండి హోటల్ ముందే ఆగింది. మూడు బల్లలూ నిండి ఉన్నాయి, అందరూ మాట్లాడుకుంటున్నది ఆపేశారు. కాక పొయ్యి మీద నుంచి గిన్నె దించి, జల్లెడ గ్లాసు మీద పెట్టి, తల ఎత్తకుండానే పిలిచాడు.

“రాండ్రి, లింకన్ సారూ. ఫుల్లా, వన్ బై టూనా?”