ఎంప్ టేబుల్ గారికి బహిరంగ లేఖ

ఒరాకిల్ డేటాబేస్ నేర్చుకునేవారికి నమూనాగా ఇచ్చే ఉద్యోగుల పట్టిక, మహారాజశ్రీ ఎంప్ టేబుల్ గారి సముఖమునకు, అమీర్‌పేటలో తమ దగ్గర అక్షరాభ్యాసం చేసిన శిష్యుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. 1980 డిసెంబరు 17న గుమాస్తాగా చేరిన స్మిత్ గారు నేటికీ ఆ 800 జీతం మీదే ఉన్నారంటే తమ సంస్థ ఎంత నిలకడగా ఉందో తెలుస్తూనే ఉంది.

స్కాట్ అన్న పేరుతో, టైగర్ అన్న పాస్‌వర్డ్‌తో తమ ఇంట అడుగుపెట్టిన రోజు గుర్తుంది. ఆ టైగర్ ఒరాకిల్ తొలినాటి ప్రోగ్రామర్ బ్రూస్ స్కాట్ గారింటి పిల్లి అని తెలిసేసరికి నా కోర్సు సగం గడిచింది. తమ పద్నాలుగురు ఉద్యోగుల జీతాలు మా ఇంట్లోవాళ్ల జీతాలకన్నా బాగా కంఠస్థమయ్యాయి. కింగ్ గారి 5000 తరువాత స్కాట్, ఫోర్డ్ చెరో 3000 తీసుకుంటున్నారు గనుక, 2975 తెచ్చుకుంటున్న జోన్స్ మూడోవాడా నాలుగోవాడా అన్నది సమాన జీతాలవాళ్ల తరువాత అంకె వదలని డెన్స్ ర్యాంక్ వాడామా, వదిలే ర్యాంక్ వాడామా అన్నదాన్ని బట్టి ఉంటుందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. జీతానికి కమిషన్ కలిపితే కమిషన్ గడి ఖాళీగా ఉన్న పదిమంది మొత్తం ఆదాయం కూడా నల్, అంటే విలువే లేనిది, అయిపోవడం, టర్నర్‌కు మాత్రం కమిషన్ సున్నాయే అయినా 1500 చెక్కుచెదరకపోవడం చూసి, లేకపోవడానికీ సున్నాకూ ఉన్న తేడా తెలుసుకున్నాను. వేదాంతులు ఇంత సులువుగా చెప్పలేరు.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. తమరు వండి వడ్డించిన విస్తరిలా వచ్చారు. పరిశోధన విభాగంలో ఐదుగురు పనిచేస్తున్నా డల్లాస్ అన్న ఊరిపేరు విభాగాల పట్టిక అయిన డెప్ట్ టేబుల్‌లో ఒక్కసారే ఎందుకు రాశారో తమరు చెప్పలేదు, మా మాస్టారు చెప్పలేదు, ఇంటర్వ్యూలలో కూడా ఎవరూ అడగలేదు.

ఫలితంగా ఉద్యోగంలో చేరాక ఒక పాఠశాల ఫీజుల లెక్క కోసం నా చేత్తో నేను మొదటి టేబుల్ కట్టినప్పుడు, ప్రతి విద్యార్థి వరుసలోనూ తండ్రి పేరు, చిరునామా, ఫోన్1, ఫోన్2, ఫోన్3 అని కాలమ్‌లు పెట్టి, ముందుచూపు అంటే ఇదే కదా అని మురిసిపోయాను. నాలుగో నంబరు వచ్చిన రోజు అక్కడి గుమాస్తా దాన్ని చిరునామాలో ఇరికించాడు. ఒకే ఇంటి అన్నదమ్ములలో పెద్దవాడి తండ్రి వెంకటేశ్వర్లు, చిన్నవాడి తండ్రి వెంకటేశ్వరులు అయ్యేసరికి, రెండో బిడ్డకు రావలసిన రాయితీ రాలేదు. ఆయన ఫోన్ మార్చితే పెద్దవాడి వరుసలో మారింది, చిన్నవాడి బకాయి నోటీసు మాత్రం పాత నంబరుకే పోయింది. ఒకే సంగతిని పలుచోట్ల రాసుకుంటే అవి ఒకదానితో ఒకటి పొసగకుండా పోతాయని, ఇలాంటి టేబుళ్ల పద్ధతిని ప్రతిపాదించిన, అప్పట్లో ఐబీఎంలో పనిచేస్తున్న కాడ్ గారు 1970లోనే రాసిపెట్టారట. ఆ వ్యాసం చదివే తీరిక మాకేది? ఇంటర్వ్యూలలో అడిగే రెండో అత్యధిక జీతం వెతకడంలో మునిగి ఉన్నాం.

చివరిగా ఒక మనవి. బోస్టన్‌లోని తమ 40వ విభాగంలో ఇన్నేళ్లుగా ఒక్కరూ లేరు. రెండు టేబుళ్లను కలిపినప్పుడు జత దొరకని వరుసలనూ చూపే ఔటర్ జాయిన్ పాఠం కోసమే దాన్ని ఖాళీగా ఉంచారని తెలుసు. అయినా ఆ పాఠశాలవారు నన్ను మళ్లీ పిలిచేలోగా నన్ను అక్కడ నియమించగలరు. మిల్లర్ గారి సంఖ్య 7934 గనుక నాకు 7935 చాలు. జీతం 800 అయినా ఫరవాలేదు, కమిషన్ మాత్రం నల్ పెట్టకండి.

ఇట్లు,
తమ విధేయుడు