పద్దులు చదివే తీరిక సభకు ఉండాలి

2024 జూలైలో తెలంగాణ శాసనసభ పద్దులపై, అంటే శాఖలవారీ ఖర్చు ప్రతిపాదనలపై, చర్చను ఒక రోజున తెల్లవారుజాము దాకా కొనసాగించింది. అంతసేపు కూర్చున్న సభ్యుల ఓపికను మెచ్చుకోవలసిందే. కాని అన్నేసి శాఖల ఖర్చును ఒకే రోజున సభ ముందు కుప్పపోయవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్నదే మా ప్రశ్న. అర్ధరాత్రి దాటాక చర్చకు వచ్చిన పద్దును ఏ సభ్యుడు ఎంత నిశితంగా చదవగలడు? మంత్రి ఇచ్చిన జవాబును ఎవరు సరిచూడగలరు?

ప్రభుత్వం తలపెట్టిన ఖర్చును శాసనసభ యథాతథంగా ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. రాజ్యాంగం 203వ అధికరణ ఇచ్చిన హక్కు అది. శాసన మండలికి పద్దులపై ఓటు లేదు. అంటే ఖజానా తాళం ప్రజలు నేరుగా ఎన్నుకున్న 119 మంది చేతిలోనే ఉంది. పద్దులో ఇంత తగ్గించాలని సభ్యులు ప్రతిపాదించే కోత తీర్మానాలు పుట్టింది ఇందుకే. అవి నెగ్గడం అరుదే అయినా, ఫలానా ఊరి వంతెనకు, ఫలానా ఆసుపత్రికి పోయినేడు కేటాయించిన డబ్బు ఏమైందని మంత్రిని నిలదీయడానికి సభ్యుడికి అంతకంటే పదునైన సాధనం లేదు. గడువు ముగిసే వేళకు చర్చకు రాకుండా మిగిలిపోయిన పద్దులను ఒక్కుమ్మడిగా ఓటుకు పెట్టడాన్ని గిలెటిన్ అంటారు. నిబంధనలకు అది విరుద్ధం కాదు. మూజువాణి ఓటుతో క్షణాల్లో పని పూర్తవుతుంది, వేల కోట్ల ఖర్చుకు ఒక్క ప్రశ్నయినా ఎదురుకాకుండానే ఆమోదం లభిస్తుంది.

ఇంతటి తొందర హైదరాబాద్ నగరపు శాసనసభకు పుట్టుకతో వచ్చింది కాదు. పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లని గుమ్మటాలతో కనిపించే పాత భవనం ప్రజల విరాళాలతో టౌన్ హాలుగా వెలసింది. 1905లో శంకుస్థాపన జరిగి 1913లో పూర్తయింది. 1952 ఎన్నికలతో ఏర్పడిన హైదరాబాద్ రాష్ట్ర తొలి శాసనసభలో 175 మంది సభ్యులుండేవారు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రతినిధులు ఒకే సభలో ఒకరి గోడు ఒకరు విన్నారు. 1956 నవంబర్ 1 తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు అయ్యదేవర కాళేశ్వరరావు స్పీకర్ అయ్యారు. ఎదుటి వరుసల్లో పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు కూర్చున్నారు. 2014 జనవరి 30న రాష్ట్ర పునర్విభజన బిల్లును తిరస్కరిస్తూ చేసిన తీర్మానం ఈ నగరంలోని సభలోనే మూజువాణి ఓటుతో నెగ్గింది. రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాక కొంతకాలం ఇరు శాసనసభలూ ఒకే ఆవరణలో సమావేశమయ్యాయి. ఇంత చరిత్ర ఉన్న సభకు ఏడాదిలో కూర్చునే రోజులు కరువవడం మాకు బాధ కలిగిస్తోంది.

రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండరాదని మాత్రమే 174వ అధికరణ చెబుతుంది. కనీసం ఇన్ని రోజులని చెప్పదు. ప్రభుత్వాలకు ఆ ఖాళీయే అక్కరకొస్తోంది. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం 70 మందికి తక్కువ కాని సభ్యులున్న రాష్ట్ర సభలు ఏటా కనీసం 90 రోజులు కూర్చోవాలని 2002లో సిఫార్సు చేసింది. తెలంగాణ శాసనసభ అందులో సగం రోజులు కూడా కూర్చోవడం లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ విషయంలో తేడా లేదు. ప్రతిపక్షంలో ఉండగా పని దినాలు పెంచాలని పట్టుబట్టినవారే ప్రభుత్వంలోకి వచ్చాక సభ ఎన్ని రోజులు నడవాలో తేల్చే సభా వ్యవహారాల సలహా సంఘం భేటీలో రోజులు లెక్కపెడుతున్నారు. వాయిదాలకు, స్పీకర్ ముందున్న వెల్‌లోకి దూసుకెళ్లడానికి, సస్పెన్షన్లకు పోయే గంటలు దీనికి అదనం.

రోజులు పెంచినంత మాత్రాన పద్దుల పరిశీలన దానంతటదే మెరుగుపడదు. సభ్యులతో ఏర్పడే ప్రజాపద్దుల సంఘం, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికల ఆధారంగా చూసేది అయిపోయిన ఖర్చును. కాబోయే ఖర్చును సభకు ముందుగా జల్లెడ పట్టే ఏర్పాటు కావాలి. కేరళలో 1980 నుంచి శాఖల పనిని పరిశీలించే సభ్యుల విషయ సంఘాలున్నాయి. పద్దులు ఓటింగుకు ముందు వాటి దగ్గరికి వెళ్తాయి. పార్లమెంటు 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలను తెచ్చుకుంది. నలుగురు సభ్యులు, ఒక శాఖ కార్యదర్శి, ముందు పరిచిన లెక్కల కాగితాలు ఉన్న గదిలో పార్టీ జెండా కొంత వెనక్కి తగ్గుతుందన్నది అనుభవంలో తేలిన సంగతి. అధికార పార్టీ సభ్యుడైనా తన నియోజకవర్గంలో ఆగిన కాలువ గురించి అక్కడ మొహమాటం లేకుండా అడగగలుగుతాడు.

కాబట్టి వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే మూడు పనులు జరగాలని మేము కోరుతున్నాం. ఏడాది పొడవునా సభ ఎప్పుడెప్పుడు కూర్చుంటుందో తెలిపే క్యాలెండర్‌ను స్పీకర్ జనవరిలోనే ప్రకటించాలి. పద్దులను సంఘాలకు పంపి రెండు వారాల గడువిచ్చేలా సభా నియమావళిని సవరించాలి. చర్చ లేకుండా ఆమోదం పొందిన పద్దుల జాబితాను, ఒక్కోదాని మొత్తంతో సహా, సభ నిరవధికంగా వాయిదా పడిన రోజునే తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రజల ముందు ఉంచాలి.