జబ్బు పడాలంటే కొంచెం చదువుకుని ఉండాలి

దేశంలో జనం వైద్యానికి సొంత జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గిపోయింది. సాక్షాత్తూ కేంద్రం లెక్కకట్టే జాతీయ ఆరోగ్య ఖాతాలే చెబుతున్నాయి కాబట్టి అనుమానం అక్కర్లేదు. 2013-14లో మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం జనం చేతి సొమ్మే. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. ప్రభుత్వం వాటా 28.6 నుంచి 48 శాతానికి ఎక్కింది. తిరుపతిలో రుయా సర్కారు ఆసుపత్రి దగ్గర మందుల షాపుల ముందు చీటీ పట్టుకుని నిలబడినవాళ్లకు ఈ శుభవార్త ఇంకా అందినట్టు లేదు. అంది ఉంటే "పది రోజులకు రాసినారు, నాలుగు రోజులకే ఇయ్యన్నా" అని అడగరు.

శాతాలు వదిలేసి రూపాయల్లో లెక్క చూడటం మర్యాదస్తులు చేసే పని కాదు. అయినా ఒక్కసారి చూద్దాం. 2013-14లో తలసరి ఆరోగ్య వ్యయం 3,638 రూపాయలు. అందులో 64.2 శాతమంటే 2,336. 2021-22లో తలసరి 6,602. అందులో 39.4 శాతమంటే దాదాపు 2,600. వాటా పాతిక పాయింట్లు పడిపోయింది, రొక్కం 264 రూపాయలు పెరిగింది. ధరల పెరుగుదల తీసేస్తే నిజంగా తగ్గినట్టే, కాదనడం లేదు. కాకపోతే మందుల షాపాయన ధరల పెరుగుదల తీసేసి బిల్లు వెయ్యడు.

2,600ను పన్నెండుతో భాగిస్తే నెలకు 217 రూపాయలు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రల డబ్బా తీసి, అట్టల మీద ధరలు కూడి, ఈ 217లోపు ఇమిడిపోతున్నారో లేదో చూసుకోవచ్చు. ఇమడనివాళ్లు దేశ సగటును పాడుచేస్తున్నట్టే.

ఇక్కడ ఇంకో సంగతి. జనం ఖర్చుకు ఈ ఖాతాల్లో ప్రధాన ఆధారం 2017-18లో జరిగిన నమూనా సర్వే. అప్పుడు అడిగి రాసుకున్నదాన్నే తర్వాతి సంవత్సరాలకు పైకి లాక్కొచ్చారు. అంటే 2021 మే నెలలో ఆక్సిజన్ సిలిండరుకు మీరు ఎంత పోశారన్నది, అంతకు మూడు నాలుగేళ్ల ముందు జనం చెప్పిన జవాబులోంచి తేల్చారు. పైగా అది కోవిడ్ టీకాల ఏడాది. సర్కారు ఖర్చు పెరిగింది కాబట్టి జనం వాటా చిన్నదిగా కనబడింది. ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి తీసుకెళ్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22లో వచ్చింది 1.84.

బీమా సంగతికొస్తే ఇంకా ఘనం. ఇంట్లో ఒక్కరికైనా ఆరోగ్య బీమా గానీ పథకం గానీ ఉన్న కుటుంబాలు 2015-16లో 28.7 శాతం, 2019-21లో 41 శాతం. మన రాష్ట్రంలో అయితే పది ఇళ్లకు ఏడు ఇళ్లు. 'ఇంట్లో ఒక్కరికైనా' అన్న మాటను జాగ్రత్తగా చదువుకోండి. జబ్బు వచ్చేది ఆ ఒక్కరికే వచ్చేటట్టు చూసుకోవడం కుటుంబ పెద్ద బాధ్యత.

ఇన్ని కార్డులుండీ జేబు ఎందుకు ఖాళీ అవుతోందని అడిగే అమాయకులు చిత్తూరు జిల్లాలో ఇంకా ఉన్నారు. తప్పు కార్డుది కాదు, వాళ్లు పడుతున్న జబ్బులది. మన బీమా మంచానికి గానీ మాత్రకు కాదు. ఇరవై నాలుగు గంటలు మంచమెక్కి పడుకుంటే డబ్బులొస్తాయి. డయాలసిస్, కీమో, కంటి శుక్లాల లాంటి కొన్నింటికి మాత్రం ఆ షరతు మినహాయించారు. జనమేమో మూర్ఖంగా నడుచుకుంటూ పోయి డాక్టరుకు చూపించుకుని, రక్తపరీక్ష చేయించుకుని, మందులు కొనుక్కుని, నడుచుకుంటూనే ఇంటికొస్తున్నారు. జేబు ఖర్చులో పెద్ద ముక్క ఈ మందులదే. పౌరులు షుగరు, థైరాయిడ్, గ్యాసు లాంటి, అడ్మిట్ కానక్కర్లేని ఓపీ జబ్బులు మానేసి, నేరుగా ఆపరేషన్ జబ్బులకు మారితే 39.4 కాస్తా ఇరవైకి దిగుతుంది. షుగరు మాత్రలు కొనలేక మానేసినవాళ్లు కొన్నేళ్లకు కిడ్నీ పోయి డయాలసిస్‌కు వస్తే, అప్పుడు పూర్తి కవరేజీ దొరుకుతుంది. పథకంలో ఓపిక పట్టినవాళ్లకు అన్యాయం లేదు.

రాష్ట్ర కార్డు చరిత్ర అందరికీ తెలిసిందే. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉంది. పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలైంది. పాతిక లక్షలంటే వినడానికి కడుపు నిండుతుంది. కానీ ఆసుపత్రికి అందేది పరిమితి కాదు, ప్యాకేజీ ధర. ఈ ఆపరేషన్‌కు ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తం అది. పరిమితి రెండు లక్షలున్నా పాతిక లక్షలున్నా ఆ ధర అదే. ఆ ధర చాలకపోతే, వచ్చే ధర నెలల తరబడి రాకపోతే, 'ఈ వారం మంచాలు లేవు' అన్న జవాబు పుడుతుంది. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంతో ఒప్పందం ఉన్నవి, సేవలు ఆపేసింది ఒకసారి కాదు. ఎన్నికల సభలో పరిమితి గురించి చెబితే చప్పట్లు పడతాయి, ప్యాకేజీ ధర గురించి చెబితే పడవు. అందుకే పెరిగేది మొదటిదే. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో అడుగు వేసింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకం నడిపే ప్రభుత్వ ట్రస్టు, మొత్తం 3,257 చికిత్సలు, ఆరు గంటల్లో అనుమతి. ఇకనుంచి క్వెరీ, అంటే అనుమతికి ముందు ఇంకా వివరాలు కావాలన్న ప్రశ్న, పడితే ఎవరిని అడగాలో తెలియదన్న బాధ ఉండదు, ఇద్దరినీ అడగొచ్చు.

కార్డు పట్టుకుని వెళ్లేవాళ్లకు ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్ర కౌంటరు అనేది ఒకటుంటుంది. డాక్టరు గది కంటే ముందు అక్కడికి పోవాలి. అడగాల్సినవి మూడే ముక్కలు. ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా? మన జబ్బుకు సంబంధించిన విభాగం కూడా ఉందా? ఈ చికిత్స ప్రభుత్వాసుపత్రులకే కేటాయించినదా? రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. గుండెకు ఒప్పందం ఉన్నచోట ఎముకలకు ఉండాలని లేదు. చిత్తూరువాళ్లు కాస్త పెద్ద జబ్బనగానే వేలూరు బస్సెక్కుతారు. రాష్ట్రం దాటాక బస్సు ఆగదు గానీ, కార్డు ఆగిపోవచ్చు. బస్సెక్కే ముందే అడిగి పెట్టుకోవాలి. ఇక 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరు 29 నుంచి ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఏడాదికి 5 లక్షల కవరేజీ ఇస్తోంది. అరవై తొమ్మిదేళ్ల పదకొండు నెలలవాళ్లు ఛాతీలో నొప్పిగా ఉంటే కాస్త ఓర్చుకోవాలి.

ప్రైవేటు పాలసీ కట్టుకున్నవాళ్లది వేరే చదువు. అది పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారం దగ్గర మొదలవుతుంది. ఏజెంటు దయగలవాడు, మనకు శ్రమ లేకుండా పాత జబ్బుల గళ్లన్నిటిలో తానే 'లేదు' అని టిక్కు పెట్టేస్తాడు. నాలుగేళ్లు గడుస్తాయి. పెద్దాయనకు నలతగా ఉండి రాత్రి పదకొండుకు అడ్మిట్ చేస్తారు. డ్యూటీ డాక్టరు అడుగుతుంది.

"షుగరు ఎప్పుట్నించి ఉండాది తాతా?"

"మా చిన్నోడి పెండ్లప్పుట్నించి ఉండాది మ్మా."

"చిన్నోడి పెండ్లి ఎప్పుడైంది?"

"అయ్యి శానా కాలమాయ. వాడి కూతురు మూడో తరగతి."

ఆమె మనసులో లెక్క కట్టి కేస్ షీటులో 'షుగరు, 10 ఏళ్లు' అని రాస్తుంది. క్లెయిము అక్కడే పోయింది. పాలసీ వయసు నాలుగేళ్లు, షుగరు వయసు పదేళ్లు. జబ్బు దాచారని బీమా కంపెనీ ఉత్తరం పంపుతుంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వరుసగా ఐదేళ్లు కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో కొట్టెయ్యకూడదు. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లుండేది. పాత జబ్బుకు కవరేజీ మొదలయ్యేదాకా ఆగాల్సిన వెయిటింగ్ కూడా మూడేళ్లకు మించకూడదు. అంటే షుగరు ఉందని మొదటే చెప్పి ఉంటే మూడేళ్లకు తీరిపోయేది. దాచినందుకు ఐదేళ్లు. ఫారం మన చేత్తో మనమే నింపి, జిరాక్సు ఇంట్లో పెట్టుకోవడమే దీనికి మందు. తాతలకు పెళ్లిళ్ల తేదీలు సరిగ్గా నేర్పించడం ఇంకా మంచిది.

తర్వాతది గది. పాలసీ 3 లక్షలది, గది అద్దెకు పరిమితి రోజుకు అందులో ఒక శాతం, అంటే 3,000 అనుకుందాం. తిరుపతిలో మనిషి ఆసుపత్రిలో ఉన్నాడంటే, చూడ్డానికి వచ్చే చుట్టాలు దర్శనం టికెట్లు కూడా బుక్ చేసుకుని వస్తారు. వాళ్ల ముందు చిన్న గదిలో పడుకుంటే పరువేం కావాలి? 6,000 గది తీసుకుంటారు. నాలుగు రోజులకు తేడా పన్నెండు వేలే కదా, పెట్టుకుందాం అనుకుంటారు. బిల్లు వచ్చింది. గది 24,000. సర్జన్, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగ్ కలిపి 80,000. మందులు, ఇంప్లాంటు, పరీక్షలు 70,000. మొత్తం 1,74,000. గది అర్హతకు రెట్టింపుది కాబట్టి గది అద్దెతో పాటు ఆ 80,000 కూడా సగానికి కోస్తారు. కంపెనీ ఇచ్చేది 12,000, 40,000, 70,000, వెరసి 1,22,000. మీ చేతి ఖర్చు 52,000. చుట్టాలు తెచ్చిన యాపిల్ పండ్లు అదనం.

మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ దామాషా కోత పెట్టకూడదని 2020లోనే బీమా నియంత్రణ సంస్థ చెప్పింది. ఐసీయూ ఛార్జీల మీద కూడా పెట్టకూడదు. గదిని బట్టి డాక్టరు ఫీజు మారని ఆసుపత్రి అయితే కోతే పెట్టకూడదు. ఇది ఆసుపత్రిలో క్లెయిములు చూసే టీపీఏ డెస్కులో మీకై మీరు అడిగితేనే గుర్తుకొచ్చే నియమం. అడగనివాళ్ల విషయంలో మర్చిపోయే హక్కు డెస్కువాళ్లకుంటుంది.

ఇక కంపెనీలు చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితా ఒకటుంది, మొత్తం 68. ఒక్కసారైనా చదవదగ్గ సాహిత్యం. గ్లోవ్స్, మాస్కు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, ఆక్సిజన్ మాస్కు, క్రేప్ బ్యాండేజీ, డైపరు, థర్మామీటరు, టీవీ, టెలిఫోను, మినరల్ వాటరు అందులో ఉన్నాయి. సర్జను ఒట్టి చేతులతో ఆపరేషన్ చేస్తే కంపెనీకి అభ్యంతరం లేదన్నమాట. మార్చురీ ఛార్జీలూ ఆ జాబితాలోనే ఉన్నాయి. చికిత్స ముగిశాక జరిగేదానితో ఆరోగ్య బీమాకు ఏం సంబంధం? కొద్దిగా ఎక్కువ ప్రీమియం కట్టి కన్స్యూమబుల్స్ రైడరు, అంటే వాడి పారేసే వస్తువులకు అదనపు కవరేజీ, తీసుకుంటే వీటిలో చాలా వస్తాయి. ఏ ఏ వస్తువులో పాలసీ కాగితంలో చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీ మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు నిరుటి మూల ప్రీమియం పక్కన పెట్టి చూసుకుంటే, ఆ మిగులు మన ఇంటి దాకా వచ్చిందో దారిలోనే ఆగిందో తెలుస్తుంది.

అన్నిటికంటే అందమైనది డిస్చార్జ్. ఆసుపత్రి కోరిన మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే, వాటాదారుల సొమ్ములోంచి, భరించాలి. ఎంత గొప్ప నియమం! పొద్దున తొమ్మిదికి పెద్ద డాక్టరు వచ్చి "ఇంటికి పోవచ్చు" అంటాడు. మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు పంపాలి. ఫార్మసీ క్లియరెన్సు వస్తే తప్ప బిల్లు ముడిపడదు. డిస్చార్జ్ సమ్మరీ టైపు చేసేవాళ్లకు ఇరవై కేసులుంటాయి. సమ్మరీ మీద సంతకం చెయ్యాల్సిన డాక్టరు థియేటరులో ఉంటాడు. మధ్యాహ్నం మూడుకు ఫైలు కంపెనీకి పోతుంది. మూడు గంటల గడియారం మొదలయ్యేది అప్పుడు. ఆరింటికి ఐదు నిమిషాలుండగా క్వెరీ పడుతుంది, 'లోపలి కేస్ షీట్లు పంపండి' అని. నియమం అక్షరాలా అమలైనట్టే. ముందురోజు సాయంత్రమే రేపు డిస్చార్జా అని అడిగి, మందుల వాపసు, సమ్మరీ డ్రాఫ్టు రాత్రే పూర్తి చేయించుకున్నవాళ్లు మాత్రం మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. ఈ రహస్యం వార్డు నర్సమ్మకు తెలుసు, గౌరవంగా అడిగితే చెబుతుంది.

క్లెయిము కొట్టేస్తే దారి లేకపోలేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపల హైదరాబాదులో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీ, తిరస్కరణ లేఖ, డిస్చార్జ్ సమ్మరీ, బిల్లులు జతచేస్తే చాలు. కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు ఇస్తారు, ఆ తర్వాత ముప్పై రోజుల్లో కంపెనీ డబ్బు కట్టాలి. ఫిర్యాదు రోగే పెట్టాలన్న నిబంధన కూడా లేదు, నామినీ గానీ చట్టబద్ధ వారసులు గానీ పెట్టుకోవచ్చు. మొత్తం వ్యవస్థలో వాస్తవాలు దగ్గరుండి చూసి రాసిన వాక్యం ఇదొక్కటే అనిపిస్తుంది.