మంచుయుగపు నీలగిరి: ఊహ కాదు, లెక్క

“20,000 ఏళ్ల కిందట దక్షిణ భారతం కూడా మంచు కిందే ఉండేది. అప్పటి మొక్కలు ఎప్పుడో కుళ్లిపోయాయి. శాస్త్రవేత్తలు చెప్పేదంతా ఊహే.” ఈ మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. మూడు వాక్యాలూ తప్పే.

మంచు సంగతి తేలికే. మంచు పలకలు పరచుకున్నది ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల మీద. మన దగ్గర హిమానీనదాలు పెరిగింది హిమాలయాల్లో. నీలగిరి ఎగువ లోయల్లో అప్పుడూ పీట్, అంటే కుళ్లీ కుళ్లని మొక్కల మట్టి, పేరుకుంటూనే ఉంది.

ఆకు కుళ్లుతుంది నిజమే. కానీ పుప్పొడి రేణువు పైపొర స్పోరోపొలెనిన్ అనే చాలా గట్టి పదార్థం. గాలాడని తడి పీట్‌లో అది వేల ఏళ్లు నిలుస్తుంది. పొర ఎండి గాలి తగిలితే మాత్రం చెడుతుంది. కాబట్టి ఎండిన పొరలో పుప్పొడి దొరకలేదని అక్కడ అడవి లేదనకూడదు.

ఇక “ఊహ”. మట్టి నుంచి పుప్పొడిని వేరుచేసి లెక్కించేది ఇలా: 1 ఘన సెంటీమీటరు మట్టిలో, బీజాల (స్పోర్ల) సంఖ్య ముందే తెలిసిన లైకోపోడియం అనే మొక్క మాత్ర వేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రనూ సున్నాన్నీ కరిగిస్తుంది. 10% పొటాషియం హైడ్రాక్సైడ్ హ్యూమిక్ ఆమ్లాలను (మొక్కలు కుళ్లగా వచ్చే ముదురు రంగు పదార్థాలను), హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇసుకను తీసేస్తాయి. చివరికి 9 పాళ్లు అసిటిక్ యాన్‌హైడ్రైడ్, 1 పాలు సల్ఫ్యూరిక్ ఆమ్లం సెల్యులోజ్‌ను తొలగిస్తాయి. దీనికి ముందు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంతో కడిగి నీరు పూర్తిగా పోగొట్టాలి; తడి మిగిలితే మిశ్రమం ఎగిసి చిమ్ముతుంది. మాత్రలో 10,000 బీజాలుండి, సూక్ష్మదర్శిని కింద 150 బీజాలకు 300 పుప్పొడి రేణువులు కనిపిస్తే, ఆ మట్టిలో 20,000 రేణువులున్నట్టు. ఇందులో ఊహకు చోటెక్కడ?

పొరపాటు జరిగేది లెక్కలో కాదు, దానికి అర్థం చెప్పడంలో. గడ్డి పుప్పొడిని విరివిగా గాలికి వదులుతుంది. షోలా (కొండ లోయల్లోని పొట్టి సతతహరిత అడవి) చెట్లలో చాలావాటికి పరాగాన్ని మోసేవి పురుగులే. వాటి పుప్పొడి తక్కువ. అందుకే గడ్డి పుప్పొడి 70% ఉంటే నేలలో 70% గడ్డి అని కాదు. నేటి షోలా, గడ్డినేలల పైపొర నమూనాలతో పోల్చి సరిచూడాలి.

పైగా గడ్డిజాతుల రేణువులు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ రకం గడ్డో చెప్పేది కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) పాలు. కిరణజన్య సంయోగక్రియ తీరును బట్టి మొక్కలు సీ3, సీ4 అని రెండు రకాలు; సీ4 పొడి వాతావరణాన్ని బాగా తట్టుకుంటుంది. ఒక ప్రమాణంతో పోల్చితే ఆ పాలు సీ3 మొక్కల్లో వెయ్యికి సుమారు −27, సీ4లో సుమారు −13. 1993లో శాస్త్రవేత్త ఆర్. సుకుమార్ బృందం నీలగిరి పీట్‌లో ఇదే కొలిచి, మంచుయుగం ముదిరిన కాలంలో సీ4 గడ్డి పెరిగిందనీ, పొడి వాతావరణం నెలకొందనీ చెప్పింది. అయితే అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 190 పీపీఎం (పది లక్షల పాళ్లలో 190) మాత్రమే. అదీ సీ4కు కలిసొచ్చేదే. సీ4 పెరుగుదలను పూర్తిగా వానల లేమికే కట్టబెడితే కరువును ఎక్కువచేసి చెప్పినట్టవుతుంది.